చిన్న పెట్టెలో పాటలు - చేత్తో సర్దుకునే పద్ధతి

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో డి.ఏ. బకాయిల గురించీ, హెల్తు కార్డుల గురించీ మాట్లాడుకుంటాం. అవి ఎలాగూ సాయంత్రం తీర్మానాల్లో వస్తాయి. ఈసారి ఇంట్లో పనికొచ్చే సంగతి ఒకటి చెప్పమని కార్యదర్శి గారు కోరారు. క్రిందటి నెల వారు మా ఇంటికి వచ్చినప్పుడు మా శ్రీమతి చేతిలో అగ్గిపెట్టెకన్నా కాస్త పొడుగ్గా ఉన్న పాటల పెట్టె ఒకటి చూశారు. దాని పక్కనే నా రూళ్ళ పుస్తకం చూశారు. "ఇదేమిటండీ, పాటలకు కూడా రిజిస్టరా?" అని నవ్వి, ఆ నవ్వుతోనే నా పేరు కార్యక్రమ పత్రంలో వేసేశారు. కనుక ఈ ప్రసంగానికి బాధ్యత కొంత వారిది కూడా.

ముందుగా ఒక మనవి. నాకు సంగీతం రాదు. కంప్యూటరు చదువూ లేదు. కలెక్టరాఫీసులో చేరి, మధ్యలో పదకొండేళ్ళు రికార్డు రూములో పనిచేసి, 2007లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ పాటల వ్యవహారంలో నాకు అక్కరకు వచ్చింది ఆ రికార్డు రూము పనే.

సంగతి ఏమిటంటే, మా శ్రీమతికి గ్లాకోమా వల్ల చూపు క్రమంగా తగ్గి, నాలుగేళ్ళ క్రితం పూర్తిగా పోయింది. ఆమె పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. వారపత్రికల్లో సీరియల్ వస్తే నాకంటే ముందు చదివి కథ చెప్పేసేది. అటువంటి మనిషికి రోజంతా ఖాళీ అయిపోయింది. పిల్లలు కొత్త ఫోను కొనిపెట్టారు. ఫోనులో తెర మీద ఉన్నది చదివి వినిపించే ఏర్పాటు ఉంది, బాగానే ఉంటుంది, అలవాటైనవాళ్ళు చకచకా వాడుతున్నారు. కానీ అద్దం మీద వేలు ఎక్కడ పెట్టినా ఒకటే నున్నదనం. ఆమె వేళ్ళు కాస్త వణుకుతాయి. పాట పెట్టబోతే ఎవరికో ఫోను వెళ్ళిపోయేది. రెండు వారాలు తంటాలుపడి, "ఏమండీ, దీన్ని మీరే ఉంచుకోండి" అని నా చేతికి ఇచ్చేసింది.

అప్పుడు బీరువా సొరుగులోంచి బయటికి వచ్చింది ఈ పెట్టె. మా అబ్బాయి 2008లో తెచ్చాడు. తెర లేదు. ఆరు మీటలున్నాయి, ప్రతి మీటా వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా ఉంటుంది. వాయించడానికి ఒకటి, ధ్వని పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి, ముందు పాటకు ఒకటి, వెనక పాటకు ఒకటి, విభాగం మార్చడానికి ఒకటి. పైగా ఇది మామూలు సన్న పెన్సిలు సెల్లుతో నడుస్తుంది. లోపల బ్యాటరీ బిగించిన రకమైతే ఇన్నేళ్ళకు అది ఎప్పుడో చచ్చిపోయి ఉండేది. సెల్లు మారిస్తే నడిచే వస్తువుకు ఆయుష్షు ఎక్కువ. పాతవి పారేసే ముందు ఈ సంగతి చూసుకోండి. ఇక చోటు అంటారా, 1 గిగాబైటు. ఇప్పటి ఫోన్లలో 128, 256 ఉంటున్నాయి కదా, అందులో ఒకటి అన్నమాట.

"ఈ రోజుల్లో ఒక గిగాబైటుతో ఎందుకు కుస్తీ? పెద్ద కార్డు కొని వేలకువేల పాటలు పోసేయవచ్చు కదా?" అని మీకు తోచవచ్చు. మా మనవడూ అదే అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ ప్రసంగమంతా.

మొదట లెక్క చెబుతాను. మన చిన్నప్పటి గ్రామఫోను ప్లేటు, నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. పాత సినిమా పాటలు చాలావరకు మూడు, మూడున్నర నిమిషాలే ఉండడానికి అదొక కారణం. అంటే చోటును బట్టి పాట కుదించుకోవడం మనకు కొత్తేమీ కాదు. తర్వాత ఎల్.పి. రికార్డులు, 1963లో ఫిలిప్స్ వారి క్యాసెట్టు, 1979లో జపాను సోనీ వారి వాక్‌మన్ వచ్చాయి. వాక్‌మన్‌తో పాట జేబులోకి వచ్చింది.

ఆ తర్వాత జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు, వారితో మరికొందరు కలిసి ఎం.పి.త్రీ అనే పద్ధతి తయారుచేశారు. ఆ పేరు 1995లో స్థిరపడింది. అందులో కిటుకు ఇది. పెద్ద శబ్దం పక్కనే చిన్న శబ్దం ఉంటే మన చెవికి ఆ చిన్నది వినపడదు. డప్పు మోగుతుంటే పక్కవాడి గొణుగుడు వినపడనట్టు. వినపడని దాన్ని దాచి ఉంచడం దేనికని తీసేస్తారు. సి.డి.లో ఉన్న పాటను 128 కిలోబిట్ల కొలతలో ఎం.పి.త్రీ చేస్తే దాదాపు పదకొండో వంతుకు తగ్గిపోతుంది. అయినా 1998లో ఎం.పి.త్రీ జేబు పెట్టెలు మొదటిసారి బజారులోకి వచ్చినప్పుడు వాటిలో ఉన్న చోటు 32 మెగాబైట్లు. అంటే అరగంట పాటలు! 2001లో ఆపిల్ వారి ఐపాడ్ 5 గిగాబైట్లతో వచ్చి, జేబులో వెయ్యి పాటలు అని ప్రకటించుకుంది. 2005లో వారే షఫుల్ అనే చిన్నది, తెర లేనిది, తెచ్చారు. 512 మెగాబైట్ల దానిలో 120 పాటలు, 1 గిగాబైటు దానిలో 240 పాటలు పడతాయన్నారు. 2017లో ఆ షఫుల్‌నూ, 2022లో ఐపాడ్‌లలో మిగిలిన చివరి రకాన్నీ నిలిపివేశారు. కానీ అటువంటివి ఇళ్ళలో సొరుగుల్లో ఎన్నో పడి ఉన్నాయి.

ఆ ఐపాడ్‌లకు రెండు పద్ధతులుండేవి. ఒకటి, కంప్యూటరులో ఏముంటే దాన్నే పెట్టెలోకి అదే ఎక్కించుకోవడం. కంప్యూటరులోంచి పాట తీసేస్తే పెట్టెలోంచీ పోతుంది. రెండోది, ఏ పాట ఎక్కాలో, ఏది దిగాలో మనమే ఒక్కొక్కటి చూసి చేత్తో పెట్టడం. చోటు సరిపోనప్పుడు యంత్రమే తనకు తోచినవి ఏరి నింపే సదుపాయం కూడా ఉండేది. తొందరలో ఉన్నవాళ్ళకు అది సుఖం. మా మనవడు మా పెట్టెకు చేసినదీ అటువంటిదే. తన కంప్యూటరులో ఒక ప్రోగ్రాముతో, కలగాపులగంగా 260 పాటలు నింపి, "మామ్మా, నీకు ఇక నెలరోజులు సరిపోతుంది" అని చేతిలో పెట్టాడు. పిల్లవాడి ప్రేమకు వంక పెట్టను. ఆమె రెండు రోజులు విన్నది, మూడో రోజు పక్కన పెట్టేసింది. ఏమని అడిగితే, "తెలియని ఊళ్ళో బస్సు దిగినట్టుందండీ. ఒక మీట నొక్కితే ఏమొస్తుందో తెలీదు. సుప్రభాతం తరువాత డాన్సు పాట వస్తోంది" అంది.

ఆ మాట నాకు బాగా పట్టింది. కళ్ళున్నవాడికి ఎనిమిది వేల పాటలు ఉన్నా ఫర్వాలేదు, తెర మీద చూసి ఏరుకుంటాడు. చూపు లేని మనిషికి తెర లేని పెట్టెలో పాట దొరకాలంటే ఒకటే దారి. ఏది ఎక్కడ ఉందో ఆమెకు కంఠతా వచ్చి ఉండాలి. వంటింట్లో పోపుల డబ్బా చూడండి. ఆవాలు ఏ గిన్నెలో, జీలకర్ర ఏ గిన్నెలో ఆమె చెయ్యికి ఇవాళ్టికీ తెలుసు. ఆ డబ్బాను మనం సర్దేస్తే సహాయం చేసినట్టు కాదు, కళ్ళు మరొకసారి తీసేసినట్టు. పాటల పెట్టె కూడా అలాగే సర్దాలని నిశ్చయించుకున్నాం. సర్దవలసింది నేను, ఏది ఉండాలో చెప్పవలసింది ఆమె. ఈ రెండో మాట ఇక్కడున్న కుటుంబ సభ్యులు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. పెద్దవాళ్ళకు ఏవి ఇష్టమో మనకు తెలుసని అనుకుంటాం. "ముసలివాళ్ళు కదా, భక్తి పాటలు" అని నింపేస్తాం. మా శ్రీమతి మొదట అడిగింది "మల్లీశ్వరి"లో పాటలు. ఆ తర్వాత "మాయాబజార్". మూడోది సుప్రభాతం, అదీ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు 1963లో ఇచ్చిన రికార్డే కావాలి, వేరేవారిది పనికిరాదు!

ఇప్పుడు చోటు సంగతి. పేరుకు 1 గిగాబైటు అన్నా కంప్యూటరు చూపించేది 950 మెగాబైట్ల చిల్లర. 128 కిలోబిట్ల కొలతలో నిమిషానికి సుమారు 1 మెగాబైటు పడుతుంది. మూడున్నర నిమిషాల పాటకు మూడున్నర. ఆ లెక్కన 270 పాటలు. గిన్నిస్ వారు 2016లో పి. సుశీల గారు పాడినవి 17,695 అని లెక్కకట్టి రికార్డు ఇచ్చారు. అన్నీ ఎక్కించాలంటే ఒక్క గొంతుకే ఇటువంటి పెట్టెలు అరవై పైన కావాలి. కనుక ఏరడం తప్పదు. అయితే ఏరడానికి ముందు చోటును కాస్త సాగదీయవచ్చు.

1950, 60ల నాటి మన సినిమా పాటలు మోనో. రెండు చెవుల్లోనూ ఒకటే వినపడుతుంది. దాన్ని స్టీరియోగా ఉంచడం ఒకే కాగితాన్ని రెండు ఫైళ్ళలో పెట్టడం వంటిది. మోనోలో 64 కిలోబిట్లకు మారిస్తే సగం చోటు చాలు, పాతకాలపు పాటకు మా చెవులకు తేడా తెలియలేదు. మాట మాత్రమే ఉండేవి, అంటే ప్రవచనాలు, రేడియో నాటకాలు, 32 కిలోబిట్ల మోనోలో గంటకు 15 మెగాబైట్లలోపే సరిపోతుంది. కానీ ఒక జాగ్రత్త. ఒకసారి కుదించిన పాటను మళ్ళీ కుదిస్తే రెండుసార్లు నష్టం. పలుచన చేసిన మజ్జిగలో మళ్ళీ నీళ్ళు పోసినట్టు. సి.డి. నుంచో, క్యాసెట్టు నుంచో తీసిన అసలు ప్రతి కంప్యూటరులో అలాగే ఉంచి, పెట్టె కోసం వేరే ప్రతి చేసుకోవాలి.

కచేరీల దగ్గర మాత్రం మాకు బేరం కుదరలేదు. బాలమురళీకృష్ణ గారివి, నేదునూరి వారివి, ఇంకా కొన్ని కలిపి అయిదు కచేరీలు, మొత్తం పది గంటలు. వీటినీ 64కు దింపుదామని వినిపించాను. ఆమె రెండు నిమిషాలు విని, "వయొలిన్ ఇసుక మీద గీసినట్టుంది. దీనికంటే లేకపోవడం నయం" అంది. సరేనని 128లోనే ఉంచాం. అంటే 600 మెగాబైట్లు వాటికే. సినిమా పాటలు, కీర్తనలు కలిపి 90, వాటికి 160. హరికథలు, ప్రవచనాలు పన్నెండు గంటలు, వాటికి 180. వెరసి 940. మిగిలింది 10 మెగాబైట్లు. సంసారం ఎలాగో అక్కడా అలాగే, నెలాఖరుకు మిగిలేది అంతే.

ఇక్కడే రికార్డు రూము పని అక్కరకు వచ్చింది. రెవిన్యూ వారికి చెప్పక్కరలేదు, మిగిలిన శాఖల వారి కోసం చెబుతున్నాను. ఒక ఫైలు మూసేటప్పుడు దాని మీద గుర్తు వేస్తాం. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అంటే పదేళ్ళు. ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి తీసేయవచ్చు. ఈ గుర్తులే లేకపోతే జిల్లాకు ఎంత పెద్ద రికార్డు రూము కట్టినా చాలదు. పైగా కావలసిన కాగితం దొరకదు. పాటలకూ అదే పద్ధతి పెట్టాం. శాశ్వతమైనవి ఏవో ఆమె చెప్పింది, నలభై రెండు తేలాయి. వీటిని నేను ముట్టుకోకూడదు, వరుస మార్చకూడదు. రెండో రకం ఆరు నెలలకోసారి చూసి ఉంచాలా తీయాలా అని అడిగేవి. మూడో రకం కాలాన్ని బట్టి వచ్చి పోయేవి. ధనుర్మాసంలో తిరుప్పావై ముప్ఫై పాశురాలు ఎక్కుతాయి, సంక్రాంతి వెళ్ళగానే దిగుతాయి. శ్రీరామనవమికి రామదాసు కీర్తనలు. కార్తీకంలో శివస్తోత్రాలు. అవి ఎక్కినప్పుడు ఒక హరికథ సెలవు మీద వెళుతుంది, మళ్ళీ డ్యూటీలో చేరుతుంది.

రిజిస్టరు సంగతి కార్యదర్శి గారు అడిగారు గనుక చెబుతాను. వరుస సంఖ్య, పాట పేరు, సినిమా లేక పాడినవారు, నిమిషాలు, మెగాబైట్లు, గుర్తు, ఎక్కించిన తేదీ, తీసిన తేదీ. ఇన్ని గడులు. ఇది వేళాకోళానికి కాదు. పెన్‌డ్రైవు వంటి వాటిలోంచి ఏదైనా చెరిపేస్తే విండోస్ కంప్యూటరులో అది చెత్తబుట్టలోకి కూడా వెళ్ళదు, పోయినట్టే. అందుచేత పెట్టెలో ఉన్న ప్రతి పాటా కంప్యూటరులో ఇంకొకటి ఉందని చూసుకున్నాకనే తీయాలి. రిజిస్టరు ఉంటే ఆ సరిచూడటం ఒక పూట పని. లేకపోతే మనసులో అనుమానం.

ఇక వరుస పెట్టడం. పాటల పేర్ల ముందు 01, 02, 03 అని అంకెలు వేయాలి. 1, 2 అని ఒంటి అంకె వేస్తే కొన్ని పెట్టెలు ఒకటి తర్వాత పదికి దూకుతాయి. ఇంకో తమాషా ఏమిటంటే, కొన్ని పరికరాలు పేరు చూడవు, ఏది ముందు ఎక్కిందో దాన్నే ముందు వాయిస్తాయి. మాది ఆ జాతి. తొంభై పాటలను ఒకేసారి పట్టి లోపలికి తోస్తే కంప్యూటరు తన ఇష్టమొచ్చిన వరుసలో ఎక్కిస్తుంది. కనుక ఒక్కొక్కటే, వరుసగా. మీది ఏ జాతో తెలుసుకోవాలంటే మూడు పాటలతో పరీక్ష చేయండి, పది నిమిషాల్లో తేలిపోతుంది. తెర ఉన్న పెట్టెలైతే పాట పేరు తెలుగులో రాస్తే చాలావాటిలో గళ్ళు గళ్ళుగా కనపడుతుంది, అందుచేత ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోవాలి. ఎక్కించడం అయ్యాక తీగ ఊడబెరకకుండా, కంప్యూటరుకు చెప్పి తీయాలి. ఇది చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా చెప్పాను.

విభాగానికి పదిహేను పాటలకు మించకూడదని పెట్టుకున్నాం. పదిహేనైతే మీట ఎన్నిసార్లు నొక్కాలో ఆమెకు లెక్క ఉంటుంది. ప్రతి విభాగం మొదట్లో మా మనవరాలి చేత రెండు ముక్కలు చెప్పించి రికార్డు చేశాం. "మామ్మా, ఇవి ఘంటసాల గారి పాటలు", "మామ్మా, ఇవి కీర్తనలు", ఇలాగ. మూడు నాలుగు సెకన్లు, చోటు లెక్కలోకి రాదు. విభాగం మీట నొక్కగానే ఆ పిల్ల గొంతు వినపడుతుంది, తాను ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. ఇప్పుడు ఆమె రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినా నన్ను లేపదు. పెట్టె తీసుకుని, నాలుగు నొక్కులు నొక్కి, తనకు కావలసిన కచేరీ పెట్టుకుంటుంది. ఈ నాలుగేళ్ళలో ఎవర్నీ అడగకుండా ఆమె చేసుకోగలిగిన పనుల్లో ఇది ఒకటి అయింది. దానికోసమే ఇంత శ్రమ.

ఇక క్యాసెట్టు సంగతి. 1984లో అట్లతద్దినాడు మా అత్తగారింట్లో ఒక క్యాసెట్టు రికార్డు చేశాం. మా అత్తగారు మంగళహారతులు, పెళ్ళి పాటలు బాగా పాడేవారు. పుస్తకంలో లేనివి, ఆవిడ అమ్మగారి నుంచి వచ్చినవి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ క్యాసెట్టు అట్టపెట్టెలో దొరికింది. పైన చెరిపివేయకుండా ఉండే బిళ్ళ అప్పుడే విరిచి పెట్టి ఉంచాం గనుక మీద ఎవరూ సినిమా పాటలు ఎక్కించలేదు. అటువంటి క్యాసెట్టు దొరికితే వెంటనే టేపు రికార్డరులో పెట్టి మీట నొక్కకండి. టేపు అంటుకుని ఉంటే తెగుతుంది. పెన్సిలు దూర్చి నెమ్మదిగా తిప్పి చూడాలి, మనమంతా ఆ విద్యలో ఆరితేరినవాళ్ళమే. తర్వాత ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టి, అప్పుడు వాయించాలి. టేపు రికార్డరు హెడ్డు ముందుగా స్పిరిటుతో తుడవాలి. అక్కడి నుంచి తీగతో కంప్యూటరుకు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాముతో ఎక్కించాం. ఇందులో అడ్డదారి లేదు, నలభై అయిదు నిమిషాల టేపుకు నలభై అయిదు నిమిషాలూ కూర్చోవలసిందే.

విన్నాం. ఆ నలభై అయిదు నిమిషాల్లో పాటలు పదకొండు నిమిషాలే. మిగిలినదంతా ఇంటి సద్దు. ఎవరో పిండి రుబ్బుతున్నారు. మా అబ్బాయి, అప్పుడు రెండేళ్ళవాడు, ఏడుస్తున్నాడు. మా మామగారు కాఫీ ఏదని అడుగుతున్నారు. మా అత్తగారు ఒక పాట మధ్యలో ఆపి, "ఆ గిన్నె మీద మూత పెట్టవే" అంటారు, అది మా శ్రీమతితోనే. మా అబ్బాయి ఫోనులో సలహా ఇచ్చాడు. పాటలు మాత్రం కత్తిరించి, చప్పుళ్ళు తీసేసి ఎక్కిస్తే 6 మెగాబైట్లలోపే, ఉన్న ఖాళీలో సరిపోతుందని. లెక్క ప్రకారం అది సబబే. ఆమె ఒప్పుకోలేదు. "పాటలు ఇంకెవరైనా పాడతారు. మూత పెట్టమని ఎవరంటారు?" అంది. మొత్తం ఉండాలి.

మొత్తం ఉంటే 64 లెక్కన 22 మెగాబైట్లు. ఉన్నవి 10. పన్నెండు కావాలి, అంటే ఏడు పాటలు దిగాలి. కచేరీల్లో ఒక తుకడా కోసి తీసేద్దామా అన్నాను. కచేరీని కోయడానికి వీల్లేదంది. సరే, ఏ ఏడు పాటలో నువ్వే చెప్పు అన్నాను. ఒక రోజంతా ఆలోచించింది. మర్నాడు చెప్పిన ఏడింటిలో నాలుగు నాకు ఇష్టమని ఆమె పెట్టించినవి! "మీకు ఫోనుంది కదా, అందులో వినండి" అంది. న్యాయమైన మాటే కనుక ఊరుకున్నాను. మిగిలిన మూడూ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచాయి. అవి ఆమెకు ప్రాణమైన పాటలు, శాశ్వతం గుర్తు వేయించినవి. అదేమిటని అడిగితే, "అవి నాకు చివరిదాకా వచ్చండీ. నేనే పాడుకుంటాను. అమ్మ గొంతు నేను పాడుకోలేను కదా" అంది. రిజిస్టరులో ఆ మూడింటి ఎదురుగా తీసిన తేదీ వేసి, కారణం గడి లేదు గనుక పక్కన మార్జినులో "కంఠస్థం" అని రాసుకున్నాను.

ఆ క్యాసెట్టు చివరి విభాగంలో ఉంది. మా పెట్టెలో మొదటి విభాగం నుంచి ఒకసారి వెనక్కి నొక్కితే చివరిదానికి వెళుతుంది. కనుక ఆమెకు అది ఒక్క నొక్కు దూరం.

ధ్వని గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన పాటల్లో ఒకటి గుసగుసగా, ఇంకొకటి చెవి పగిలేలా ఉంటుంది. చూపు లేనివారు ఉలిక్కిపడతారు. అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చే ఉచిత ప్రోగ్రాము ఉంది, పేరు ఎం.పి.త్రీ గెయిన్. అది పాటను మళ్ళీ కుదించదు, ధ్వని గుర్తును మాత్రమే సవరిస్తుంది, కనుక భయం లేదు. మా వయసులో మొదట సన్నని శబ్దాలు వినపడటం తగ్గుతుంది. అప్పుడు మాట స్పష్టంగా లేదని ధ్వని పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దవాళ్ళకు 80 డెసిబెల్స్ ధ్వనిలో వారానికి 40 గంటలు హద్దు అని చెప్పారు. అంతకంటే బిగ్గరగా వింటే గంటలు బాగా తగ్గించుకోవాలి. మేము చేసినది ఏమిటంటే, పైనున్న మూడు మెట్లు వాడవద్దని అనుకున్నాం. రెండు చెవుల్లోనూ దూర్చుకునే రకం మానేసి, చెవి మీద ఆనే మెత్తని దిండ్ల రకం కొన్నాం. వీధి తలుపు కొట్టినా, కుక్కరు కూత వేసినా వినపడాలి కదా.

ఇక ఎవరింట్లోనైనా ఇటువంటి పాత క్యాసెట్లు ఉంటే నా వంతు సహాయం చేస్తాను. నా దగ్గర టేపు రికార్డరు బాగుంది, బెల్టు కొత్తది వేయించాను. తీగలు ఉన్నాయి. సోమ, గురువారాల్లో ఉదయం పది నుంచి పన్నెండు దాకా సంఘ భవనంలో ఉంటాను. గంట టేపును కుదించకుండా అసలు ప్రతిగా దాస్తే 600 మెగాబైట్లు దాటుతుంది, కనుక 16 గిగాబైట్ల పెన్‌డ్రైవు ఒకటి తెచ్చుకోండి. ఒక రోజుకు ఒక క్యాసెట్టు మాత్రమే వీలవుతుంది, పేరు ముందుగా ఆఫీసు పుస్తకంలో రాయించండి. పాట ఎవరికోసమో వారిని కూడా వెంట తీసుకురండి, ఏది ఉంచాలో వారినే అడుగుదాం. క్యాసెట్టు మీద పేరు చెరిగిపోయి ఏముందో తెలియకపోయినా ఫర్వాలేదు, తీసుకురండి, పెట్టి విందాం.